తలనొప్పికి ఏ మాత్ర?

తలనొప్పి మాత్రలు మందుల షాపులో ఎన్నో పేర్లతో దొరుకుతాయి. అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదివితే తేలేవి కొద్ది మాత్రమే: పారాసెటమాల్, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, నాప్రాక్సెన్, డైక్లోఫెనాక్, వీటికి తోడుగా కలిపే కెఫీన్. పార్శ్వపు నొప్పికే ప్రత్యేకించిన ఎర్గటమిన్, ట్రిప్టాన్లు వేరే వరస. వీటిలో ఏది మంచిదంటే ఒక్క మాటలో చెప్పడం కుదరదు. వచ్చింది ఏ రకం తలనొప్పి, వేసుకునే మనిషికి ఇంకా ఏమేం జబ్బులున్నాయి, నెలలో ఎన్ని రోజులు మాత్ర పడుతోంది, ఈ మూడూ తెలిస్తే మందు పేరు దానంతటదే తేలుతుంది. ఏది ఎక్కువ పవరు అన్నది షాపు ముందు అందరూ మొదట అడిగే మాట. నిజానికి అది ఆఖరున అడగవలసింది.

మనుషులకు వచ్చే తలనొప్పుల్లో అత్యధిక భాగం, స్కానింగు చేసినా ఏ లోపమూ కనిపించనివే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ఏదో ఒక తలనొప్పి జబ్బు ఉన్నవారు సుమారు 310 కోట్ల మంది, అంటే ప్రపంచ జనాభాలో నూటికి 40 మంది. ఇందులో ఎక్కువ మందికి వచ్చేది టెన్షన్ తలనొప్పి. తల చుట్టూ పట్టీ బిగించి కట్టినట్టుగా, రెండు వైపులా, ఒక మోస్తరుగా నొక్కుతూ ఉంటుంది. నడిచినా, మెట్లెక్కినా పెరగదు. వాంతులుండవు. మనిషి విసుక్కుంటూనైనా పనులు చేసుకుపోతాడు. పార్శ్వపు నొప్పి, అంటే మైగ్రేన్, అలా చేసుకోనివ్వదు. చాలామందికి ఒక పక్క కణత దగ్గర మొదలై పోటు మీద పోటుగా వస్తుంది. వికారం, వాంతులు, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం దాని వెంట ఉంటాయి. మందు వేసుకోకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా వదలదు. కొందరికి నొప్పికి ముందు కళ్ళ ఎదుట మెరుపు గీతలు, వంకర టింకర వెలుగులు కనిపిస్తాయి.

మూడోది క్లస్టర్ తలనొప్పి. ఇది అరుదు. ఒక కంటి చుట్టూ 15 నిమిషాల నుంచి 3 గంటల పాటు భరించలేని నొప్పి, అదే వైపు కన్ను ఎర్రబడి నీరు కారడం, రోజూ ఇంచుమించు అదే వేళకు రావడం దాని గుర్తులు. దానికి షాపులో కొనుక్కునే నొప్పి మాత్రలు పనికిరావు. మాస్కు ద్వారా ఇచ్చే ఆక్సిజన్, చర్మం కింద వేసే సుమట్రిప్టాన్ ఇంజెక్షన్ పనిచేస్తాయి.

జనం సైనస్ తలనొప్పి అని పేరు పెట్టుకున్నదాంట్లో కూడా అధిక భాగం పార్శ్వపు నొప్పే. నుదురూ బుగ్గలూ బరువెక్కడం, ముక్కు కారడం పార్శ్వపు నొప్పిలోనూ ఉంటాయి గనుక ఈ పొరబాటు జరుగుతుంది. జ్వరం లేకుండా, చిక్కటి పచ్చని చీమిడి లేకుండా నెల నెలా వచ్చిపోయే తలనొప్పికి జలుబు మాత్రలూ యాంటీబయాటిక్‌లూ కొనడం డబ్బు దండగ. బీపీ విషయంలోనూ ఇలాంటి అపోహే ఉంది. బీపీ మరీ విపరీతంగా పెరిగితే తప్ప తలనొప్పి రాదు. తల నొప్పిగా ఉంది కదా అని ఇంకో బీపీ మాత్ర వేసుకోవడం తలనొప్పికి వైద్యం కాదు.

ఈ మందులు పనిచేసే తీరు కొంత తెలిస్తే ఎంపిక సులువవుతుంది. మెదడు కణజాలానికి నొప్పి తెలియదు. తెలిసేది దాని చుట్టూ ఉన్న పొరలకు, రక్తనాళాలకు, తలకూ మెడకూ ఉన్న కండరాలకు. అక్కడి నాడుల కొసలను ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు మరింత సున్నితం చేస్తాయి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, నాప్రాక్సెన్, డైక్లోఫెనాక్ ఆ రసాయనాల తయారీని అడ్డుకుంటాయి. ఈ సంగతి 1971లో ఇంగ్లండులో జాన్ వేన్ నిరూపించాడు. అందుకుగాను 1982లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. చిక్కెక్కడంటే, జీర్ణాశయం గోడను ఆమ్లం నుంచి కాపాడేవీ, కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూసేవీ కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. నొప్పి తగ్గించే గుణమూ, కడుపులో పుండు పుట్టించే దోషమూ ఒకే మూలం నుంచి వస్తున్నాయి. అందువల్ల వీటిలో ఏ మాత్రా పూర్తిగా నిరపాయం కాదు.

పారాసెటమాల్ ఈ కుటుంబంలోది కాదు. అది ప్రధానంగా మెదడు, వెన్నుపాముల స్థాయిలో పనిచేస్తుంది. వాపును తగ్గించదు, కడుపును పెద్దగా బాధించదు. మామూలు తలనొప్పికి మొదటి మాత్ర అని దానికి పేరు రావడం అందుకే. 1878లోనే తయారైనా అది అరవై డెబ్బై ఏళ్ళు మూలన పడి ఉంది. ఆ కాలంలో ఎసిటానిలైడ్, ఫెనాసిటిన్ అనే మందులు రాజ్యమేలాయి. మొదటిది రక్తాన్ని, రెండోది కిడ్నీలను చెడగొట్టేది. ఆ రెండూ ఒంట్లోకి వెళ్ళాక పారాసెటమాల్‌గా మారడం వల్లే నొప్పి తగ్గిస్తున్నాయని 1948 ప్రాంతంలో అమెరికాలో బ్రాడీ, ఆక్సెల్‌రాడ్ తేల్చారు. అప్పుడు గాని పారాసెటమాల్‌కు దశ తిరగలేదు. భారతదేశంలో క్రోసిన్, కాల్పాల్, డోలో అన్నవన్నీ ఆ ఒక్క మందుకున్న పేర్లే. ఒకటి పనిచేయలేదని ఇంకొకటి వేసుకుంటే వేసుకున్నది అదే మందు.

పెద్దవారికి పారాసెటమాల్ మోతాదు ఒక్కో మారుకు 500 నుంచి 1000 మిల్లీగ్రాములు. మళ్ళీ వేసుకోవాలంటే కనీసం 4 నుంచి 6 గంటలు ఆగాలి. 24 గంటల్లో మొత్తం 4000 మిల్లీగ్రాములు దాటకూడదు. 500 మాత్ర ఒకటి వేసుకుని గుణం కనిపించలేదని మందును తిట్టేవారిలో చాలామంది చాలినంత వేసుకోనివారే. తలనొప్పి మీద జరిగిన పరీక్షల్లో నెగ్గిన మోతాదు ఒకేసారి 1000 మిల్లీగ్రాములు. బరువు 50 కిలోలకు తక్కువ ఉన్నవారికి, రోజూ మద్యం తాగేవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి ఈ హద్దులు వర్తించవు. వారికి రోజుకు 2000 మిల్లీగ్రాములకు మించకుండా డాక్టర్లు తగ్గిస్తారు.

హద్దు దాటితే పారాసెటమాల్ కాలేయాన్ని కూలుస్తుంది. అన్ని మందుల్లోకీ సాధువుగా కనిపించే ఈ మాత్రలో భయపడవలసిన గుణం ఇదొక్కటే, కానీ ఇది ప్రాణాంతకం. కాలేయంలో ఈ మందు విరిగేటప్పుడు కొద్దిగా ఒక విషపదార్థం పుడుతుంది. గ్లూటాథయోన్ అనే రక్షకం దాన్ని ఎప్పటికప్పుడు తటస్థం చేస్తుంది. మోతాదు మరీ ఎక్కువైతే ఆ రక్షకం నిల్వ అయిపోయి కాలేయ కణాలు చచ్చిపోతాయి. మోసమేమిటంటే, మొదటి రోజు మనిషి ఇంచుమించు బాగానే ఉంటాడు. కామెర్లు కనిపించేసరికి రెండు మూడు రోజులు గడిచిపోతాయి. ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది గాని, అది 8 గంటల లోపల అందితేనే బాగా కాపాడుతుంది. కాబట్టి ఎక్కువ మాత్రలు పడ్డాయని తెలిసిన వెంటనే, మనిషి బాగానే ఉన్నా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

కావాలని మింగినవారి సంగతి అటుంచితే, తెలియక హద్దు దాటేవారు దాటేది మిశ్రమ మందుల వల్ల. జలుబు మాత్రలో పారాసెటమాల్ ఉంటుంది, ఒళ్ళు నొప్పుల మాత్రలో ఉంటుంది, తలనొప్పి మాత్రలో సరేసరి. జ్వరానికి 650 మాత్ర రోజుకు నాలుగు వేసుకుంటే అక్కడే 2600 మిల్లీగ్రాములు. దాని మీద జలుబు మాత్రలు మూడు, తలనొప్పికి రెండు వేస్తే 4000 గీత దగ్గరకు వచ్చేసినట్టే. అట్ట మీది చిన్న అక్షరాలు చదవమనడం వెనుక ఉన్న అవసరం ఇది.

ఆస్పిరిన్ వీటిలో పాతది. జర్మనీలో బేయర్ కంపెనీ రసాయనవేత్త ఫెలిక్స్ హాఫ్‌మన్ 1897లో తయారుచేశాడు, 1899 నుంచి అమ్మకానికి వచ్చింది. తలనొప్పికి 600 నుంచి 1000 మిల్లీగ్రాముల దాకా కావాలి. నీళ్ళలో వేస్తే బుసబుసా కరిగే డిస్ప్రిన్ లాంటి మాత్ర, మామూలు మాత్ర కంటే త్వరగా ఒంటబడుతుంది. గుండె జబ్బువారు రోజూ వేసుకునే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ రక్తం గడ్డకట్టకుండా చూడటానికే, అది తలనొప్పికి ఎందుకూ చాలదు. ఐబుప్రొఫెన్ దానికంటే చాలా చిన్నది. నాటింగ్‌హామ్‌లోని బూట్స్ కంపెనీలో స్టూవర్ట్ ఆడమ్స్ బృందం 1961లో కనిపెట్టింది, 1969లో బ్రిటన్‌లో కీళ్ళవాతం మందుగా విడుదలైంది. తలనొప్పి మీద అది పనిచేస్తుందని ఆడమ్స్‌కు తెలిసింది తన తల మీదే. మాస్కోలో ఒక సభలో మాట్లాడవలసిన పొద్దున, ముందు రాత్రి తాగిన వోడ్కా తలకెక్కి ఉండగా 600 మిల్లీగ్రాములు మింగి సభకు వెళ్ళాడు. మామూలుగా ఒక మారుకు 200 నుంచి 400 మిల్లీగ్రాములు చాలు. డాక్టరు చెప్పకుండా వాడుకునేటప్పుడు రోజుకు 1200 దాటకూడదు. నాప్రాక్సెన్ కాస్త నిదానంగా అందుకుంటుంది గాని ఎక్కువసేపు నిలుస్తుంది. రోజంతా సాగే పార్శ్వపు నొప్పికీ, నెలసరితో పాటు వచ్చే తలనొప్పికీ డాక్టర్లు దానివైపు మొగ్గేది అందుకే.

ఇవి ఎంతవరకు పనిచేస్తాయన్న దానికి నికరమైన లెక్కలున్నాయి. అవి చూస్తే ప్రకటనల మీద నమ్మకం సడలుతుంది. పార్శ్వపు నొప్పిలో పారాసెటమాల్ 1000 మిల్లీగ్రాములు వేసుకున్నవారిలో రెండు గంటలకల్లా నొప్పి పూర్తిగా పోయినవారు నూటికి 19 మంది. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 10 మంది. ఆస్పిరిన్ 1000తో 24 మందికి, ఐబుప్రొఫెన్ 400తో 26 మందికి పోయింది. ఆ పరీక్షల్లో ఉత్తుత్తి మాత్రతో పోయినవారు 11, 12 మంది. టెన్షన్ తలనొప్పిలో తేడా ఇంకా సన్నం. ఉత్తుత్తి మాత్రతో పోయేవారిని తీసేసి చూస్తే, పారాసెటమాల్ 22 మందికి ఇస్తే ఒకరికి, ఐబుప్రొఫెన్ 14 మందికి ఇస్తే ఒకరికి రెండు గంటల్లో నొప్పి పూర్తిగా పోతుంది. పూర్తిగా పోకపోయినా తగ్గినవారు ఇంతకంటే చాలా ఎక్కువమందే. టెన్షన్ తలనొప్పి చాలామందికి తనంత తానే తగ్గుతుంది గనుక, కాసేపు కళ్ళు మూసుకుని పడుకోవడం, నీళ్ళు తాగడం, మానేసిన భోజనం చేయడం మాత్రతో పోటీపడగలవు.

కెఫీన్ కలిపితే మందు కొంత ఎక్కువ పనిచేస్తుందన్నది నిజం. 100 మిల్లీగ్రాములు, అంటే ఒక మంచి కాఫీలో ఉండేంత కెఫీన్ తోడైతే, నూటికి అదనంగా 5 నుంచి 10 మందికి నొప్పి బాగా తగ్గుతుంది. మాత్రతో పాటు కాఫీ తాగే ఇళ్ళ అలవాటులో ఈ మేరకు పస ఉంది. అయితే రోజూ ఎక్కువ కాఫీ తాగే మనిషికి ఒక్కరోజు కాఫీ పడకపోతే 24 గంటల లోపలే తలనొప్పి మొదలవుతుంది. ఉపవాసం నాటి తలనొప్పికి చాలా ఇళ్ళలో ఖాళీ కడుపు ఎంత కారణమో, పడని కాఫీ అంత కారణం.

మిశ్రమ మాత్రల చరిత్ర భారతదేశంలో కోర్టుల దాకా నడిచింది. శారిడాన్‌లో పారాసెటమాల్ 250, ప్రొపైఫెనజోన్ 150, కెఫీన్ 50 మిల్లీగ్రాములు ఉంటాయి. 2018 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 328 మిశ్రమాల జాబితాలో అదీ ఉంది. 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఆ జాబితా నుంచి తప్పించింది. ప్రొపైఫెనజోన్‌కు దగ్గరి చుట్టం అనాల్జిన్. అరుదుగానైనా రక్తంలోని తెల్లకణాలను ప్రమాదకరంగా పడగొడుతుందన్న కారణంతో 2013లో అనాల్జిన్‌ను నిలిపివేశారు, 2014లో షరతులతో మళ్ళీ అనుమతించారు. నిమెసులైడ్ అనే మరో నొప్పి మందును 2011 నుంచి 12 ఏళ్ళలోపు పిల్లలకు ఇవ్వకూడదు. కాలేయానికి చేసే చెరుపు దృష్ట్యా పెద్దవారికి కూడా మామూలు తలనొప్పికి దాన్ని ఎంచుకోవలసిన పని లేదు. ఐబుప్రొఫెన్ 400, పారాసెటమాల్ 325 కలిపిన కాంబిఫ్లామ్ లాంటివి అప్పుడప్పుడు వాడుకోవడంలో తప్పులేదు, కాకపోతే రెండు మందుల నిషిద్ధాలూ వాటికి వర్తిస్తాయి. మొత్తం మీద తలనొప్పికి ఒకే మందు ఉన్న మాత్ర మేలు. ఏది పనిచేసిందో, ఏది పడలేదో తెలుస్తుంది. లెక్క తప్పదు. ధర కూడా తక్కువే. జన ఔషధి దుకాణంలో అదే మందు కంపెనీ పేరు లేకుండా ఇంకా చౌకగా దొరుకుతుంది.

పార్శ్వపు నొప్పిలో మందు ఎంత ముఖ్యమో వేళ అంత ముఖ్యం. నొప్పి ముదిరాక జీర్ణాశయం కదలిక మందగిస్తుంది. మింగిన మాత్ర అక్కడే పడి ఉంటుంది. చూద్దాం, తగ్గుతుందేమోనని మధ్యాహ్నం దాకా ఓర్చుకుని అప్పుడు మాత్ర వేసుకున్న మనిషికి అది పనిచేయకపోవడంలో వింత లేదు. నొప్పి ఇంకా కొద్దిగా ఉన్నప్పుడే, చాలినంత మోతాదు ఒకేసారి వేసుకోవాలి. వికారం ఉంటే డాక్టరు సలహాతో డాంపెరిడోన్ గాని మెటోక్లోప్రమైడ్ గాని ముందు పడితే, వాంతి ఆగడమే కాక నొప్పి మాత్ర కూడా త్వరగా లోపలికి దిగుతుంది.

ఇలా రెండు మూడు మార్లు సరిగా వాడి చూసినా మామూలు మాత్రలకు లొంగకపోతే ట్రిప్టాన్ల వంతు. వీటిలో మొదటిది సుమట్రిప్టాన్, 1991లో వచ్చింది. నొప్పి సంకేతాలు పంపే నాడుల కొసల మీద, ఉబ్బిన రక్తనాళాల మీద సెరటోనిన్ గ్రాహకాల ద్వారా పనిచేస్తుంది. ఇది పార్శ్వపు నొప్పికి, క్లస్టర్ తలనొప్పికి తప్ప మామూలు నొప్పులకు పనికిరాదు. మాత్ర 50 గాని 100 గాని మిల్లీగ్రాములు. 100 మాత్రతో రెండు గంటలకు నూటికి 32 మందికి, 6 మిల్లీగ్రాముల ఇంజెక్షన్‌తో 59 మందికి నొప్పి పూర్తిగా పోతుందని పరీక్షలు చెప్తున్నాయి. మెరుపు గీతలు కనిపించే దశలో కాక, నొప్పి మొదలవగానే వేసుకోవాలి. మొదటి మాత్రకు అసలు తగ్గకపోతే అదే నొప్పికి రెండోది వేసుకుని లాభం లేదు. తగ్గి మళ్ళీ వస్తే రెండు గంటలు దాటాక ఇంకొకటి వేసుకోవచ్చు. ట్రిప్టాన్లు రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తాయి. గుండెపోటు, గుండెనొప్పి, పక్షవాతం వచ్చినవారు, అదుపులో లేని బీపీ ఉన్నవారు వాటి జోలికి పోకూడదు. కనుక డాక్టరు చీటీ లేకుండా కొనే మందు కాదిది.

ఎర్గటమిన్ అంతకంటే పాతది, అంతకంటే మొరటుది. రై ధాన్యానికి పట్టే ఒక బూజు నుంచి 1918లో స్విట్జర్లాండులో ఆర్థర్ స్టోల్ దీన్ని వేరుచేశాడు. ఆ బూజు పట్టిన ధాన్యం తిని మధ్యయుగాల ఐరోపాలో జనం కాళ్ళూ చేతులూ కుళ్ళి చనిపోయేవారు. రక్తనాళాలను అంతగా బిగించే గుణమే, కొద్ది మోతాదులో పార్శ్వపు నొప్పికి మందయింది. ఎర్గటమిన్ 1, కెఫీన్ 100, పారాసెటమాల్ 250, వాంతి మందు రెండున్నర మిల్లీగ్రాములు కలిపిన వాసోగ్రెయిన్ మన ఊళ్ళలో ఎరిగినవారికి ఎరిగిన పేరు. పక్కింటివారికి తగ్గిందని తెచ్చుకుని వేసుకునే మాత్ర మాత్రం కాదు. గర్భిణులకు నిషిద్ధం. గుండె, రక్తనాళాల జబ్బువారికి నిషిద్ధం. ట్రిప్టాన్ పడిన 24 గంటల లోపల వేసుకోకూడదు. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు వాడుతుండగా వేసుకుంటే వేళ్ళకు రక్తం ఆడకుండా పోయే ప్రమాదం ఉంది.

ట్రమడాల్ లాంటి నల్లమందు జాతి మందులు తలనొప్పికి తగవు. అవి అలవాటు చేసి తలనొప్పిని పెంచుతాయి. వైద్యానికి వెళ్ళగానే తుంటికి ఒక డైక్లోఫెనాక్, దానితో పాటు ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొడిపించుకునే అలవాటు పల్లెల్లో ఇప్పటికీ ఉంది. నెల నెలా సాగితే అది తలనొప్పి కంటే పెద్ద జబ్బులు తెచ్చిపెడుతుంది.

మనిషిని బట్టి మందు మారేది ఎక్కువగా ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ కుటుంబం దగ్గరే. కడుపులో పుండు ఉన్నవారికి, ఒకప్పుడు నల్లటి విరేచనమో రక్తపు వాంతో అయినవారికి అవి వద్దు. పరగడుపున వేసుకోవడం ఎవరికీ మంచిది కాదు. గ్యాస్ మాత్రతో కలిపి వేసుకుంటే పుండు భయం కొంత తగ్గుతుందే గాని, కిడ్నీలకు ఆ మాత్ర ఏ రక్షణా ఇవ్వదు. ఆస్తమా ఉన్నవారిలో కొందరికి ఒక్క ఆస్పిరిన్ మాత్రతో ఊపిరి బిగుసుకుపోతుంది. అలాంటివారికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా అంతే. రక్తం పల్చబరిచే మందులు వాడేవారికి రక్తస్రావం భయం. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకునేవారు ఐబుప్రొఫెన్ వేసుకుంటే, ఆ ఆస్పిరిన్ చేయవలసిన మేలుకు అడ్డం తగులుతుంది. డైక్లోఫెనాక్ గుండెపోటు ముప్పును పెంచుతుంది. బీపీకి టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ లాంటి మందులూ నీరు తీసే మందులూ కలిపి వాడుతున్నవారు పైన నొప్పి మాత్ర వేసుకుంటే కిడ్నీలు ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వ్యాపించిన కిడ్నీ జబ్బుకు మూలకారణం ఇప్పటికీ తేలలేదు గాని, ఒకసారి దెబ్బతిన్న కిడ్నీని ఈ మాత్రలు మరింత చెడగొడతాయన్నది తేలిన విషయమే. అలాంటి ఇళ్ళలో తలనొప్పికి పారాసెటమాల్ ఒక్కటే ఉండాలి.

వానాకాలంలో, ఆ తర్వాత రెండు మూడు నెలల్లో జ్వరంతో వచ్చే తలనొప్పికి కూడా పారాసెటమాల్ తప్ప మరొకటి వద్దు. డెంగీ జ్వరంలో కళ్ళ వెనుక తీవ్రమైన నొప్పి ఉంటుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఆ స్థితిలో ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ రక్తస్రావాన్ని కోరి తెచ్చుకోవడమే.

పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. వైరస్ జ్వరాల్లో అది కాలేయాన్ని, మెదడును దెబ్బతీసే రేయీ జబ్బుకు దారితీయవచ్చు. పారాసెటమాల్ కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. 15 కిలోల బిడ్డకు ఒక మారుకు 150 నుంచి 225. సిరప్‌లు 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములవీ, 250 మిల్లీగ్రాములవీ ఉంటాయి. సీసా మారినప్పుడు చెంచా లెక్క కూడా మారాలి. గర్భిణులకు కూడా మొదటి మందు పారాసెటమాలే. 20 వారాలు దాటాక ఐబుప్రొఫెన్ కుటుంబం బిడ్డ కిడ్నీలకు, నెలలు నిండేకొద్దీ బిడ్డ గుండెకు హాని. ఆ దశలో కొత్తగా వచ్చిన తలనొప్పికి మాత్ర కంటే ముందు చూడవలసింది బీపీ. మెరుపు గీతలతో పార్శ్వపు నొప్పి వచ్చే స్త్రీలు ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

ఇక రోజుల లెక్క. తలనొప్పి మాత్రల వల్లే తలనొప్పి రావడం చాలామంది నమ్మని విషయం, కానీ వైద్యులకు రోజూ ఎదురయ్యేది. అప్పటికే తలనొప్పి జబ్బున్నవారు మామూలు నొప్పి మాత్రలను నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు, ఎర్గటమిన్, మిశ్రమ మాత్రలను నెలకు 10 రోజులు, అలా మూడు నెలలకు మించి వాడుతూ పోతే, తలనొప్పి నెలలో సగం రోజులకు పైగా పట్టుకుంటుంది. మాత్ర దిగిపోగానే నొప్పి లేస్తుంది, నొప్పి లేవగానే మాత్ర పడుతుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది ఎన్ని మాత్రలన్నది కాదు, ఎన్ని రోజులన్నది. నడుం నొప్పికో మోకాళ్ళ నొప్పికో వేసుకున్నవీ ఇందులో కలుస్తాయి. దీనికి మందు, మందు మానడమే. మానిన మొదటి కొద్ది రోజుల నుంచి రెండు వారాల దాకా నొప్పి ముందుకంటే ఎక్కువవుతుంది, చాలామంది అక్కడే ఓడిపోతారు. అందుకే డాక్టరు ఆసరాతో మానాలి. అక్కడిదాకా రానివ్వకుండా ఉండాలంటే వారానికి రెండు రోజులకు మించి ఏ తలనొప్పి మాత్రా వేసుకోకపోవడం మంచి హద్దు. వేసుకున్న రోజున గోడ క్యాలెండరు మీద ఒక గుర్తు పెట్టుకుంటే నెలాఖరుకు లెక్క కళ్ళ ముందే ఉంటుంది.

నెలలో నాలుగు రోజులకు మించి పార్శ్వపు నొప్పి వస్తుంటే, నొప్పి వచ్చాక వేసే మాత్రల గురించి కాక, రాకుండా రోజూ వాడే మందుల గురించి ఆలోచించాలి. ప్రొప్రనలాల్, రాత్రిపూట కొద్ది మోతాదులో అమిట్రిప్టిలిన్, ఫ్లునరిజిన్, టోపిరమేట్ అలాంటివి. రెండు నెలలైనా వాడితే గాని వాటి గుణం తెలియదు. ఆస్తమావారికి ప్రొప్రనలాల్ పడదు. ఈ కోవలోనే వాడే వాల్‌ప్రోయేట్ గర్భంలోని బిడ్డకు లోపాలు తెస్తుంది గనుక, బిడ్డలు కలిగే వయసు స్త్రీలకు దీనికోసం ఇవ్వరు.

పైపూత మందులను తీసిపారేయనక్కర్లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పటి నుంచి తెలుగిళ్ళలో తలనొప్పికి మొదటి వైద్యం అదే. ఆ అమృతాంజనం లాభాలే తర్వాత ఆంధ్రపత్రికను నిలబెట్టాయి. పుదీనా జాతి మొక్క నుంచి తీసిన తైలాన్ని 10 శాతం ద్రావణంగా నుదుటికీ కణతలకూ రాస్తే, టెన్షన్ తలనొప్పిలో పారాసెటమాల్ 1000 మిల్లీగ్రాములకు దీటుగా పనిచేసిందని 1996లో జర్మనీలో జరిగిన పరీక్షలో తేలింది. బామ్‌లలోని మెంథాల్ ఆ కోవలోదే. కడుపు చెడదు, కిడ్నీ చెడదు. పసిపిల్లలకు మాత్రం కర్పూరం, మెంథాల్ ఉన్నవి రాయకూడదు. శొంఠి గంధం తీసి పట్టు వేయడం వల్ల నుదురు చురుక్కుమని నొప్పి మరుపుకు వస్తుంది. చర్మం మండకపోతే నష్టం లేదు.

కొన్ని తలనొప్పులకు మాత్ర ఎంచుకోవడమే తప్పు. పిడుగు పడినట్టు క్షణాల్లో తారస్థాయికి చేరిన నొప్పి. జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోయి, గడ్డం ఛాతీకి వంగని నొప్పి. మూతి వంకర పోవడం, మాట తడబడటం, కాలో చెయ్యో పడిపోవడం, ఫిట్స్ రావడంతో కూడిన నొప్పి. తలకు దెబ్బ తగిలాక గంటల్లోనో రోజుల్లోనో ముదిరే నొప్పి. నెలలు నిండుతున్న గర్భిణికి చూపు మసకబారుతూ వచ్చిన నొప్పి. వీటిలో ఏది కనిపించినా ఇంట్లో ఉన్న మాత్ర వేసి తగ్గుతుందేమోనని ఆగకుండా 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి చేర్చాలి. 50 ఏళ్ళు దాటాక జీవితంలో మొదటిసారి మొదలైన తలనొప్పికి, దువ్వెన తగిలినా కణత నొప్పెడుతుంటే మరీను, ఆ వారంలోనే డాక్టరుకు చూపించాలి. ఆలస్యమైతే చూపు పోవచ్చు.